క్లచ్, ఫ్లైవీల్ విప్పడం: పనిముట్లు, చేతికి అందే దారి – తరచుగా అడిగే ప్రశ్నలు

క్లచ్ ప్లేటును ఫ్లైవీల్ మీద నొక్కి పట్టే మూతే ప్రెషర్ ప్లేటు, దాన్ని పట్టి ఉంచేవి సాధారణంగా ఆరు చిన్న బోల్టులు. ఇంజన్ కొసన తిరిగే బరువైన చక్రం ఫ్లైవీల్, దాన్ని పట్టి ఉంచేవి ఆరో, ఎనిమిదో. అవి కళ్ళెదుట ఉంటే అరగంటలో రెండూ చేతికి వస్తాయి. వాటి దాకా చేరడానికే రోజు గడిచిపోతుంది. అందుకే క్లచ్ ఎలా పని చేస్తుందన్నది పక్కన పెట్టి, దాని దగ్గరికి ఎటునుంచి వెళ్ళాలి, చేతిలో ఏముండాలి అన్న ప్రశ్నలకే ఇక్కడ ఎక్కువ చోటిచ్చాను. తొలిసారి సొంతంగా ఈ పనికి దిగేవారిని మనసులో పెట్టుకుని రాశాను. మీ కారు సర్వీసు పుస్తకం మాత్రం పక్కనే ఉండాలి. బోల్టు బిగింపు కొలతలు దానిలోవే పాటించాలి.

గేర్‌బాక్స్ దింపకుండా క్లచ్ మార్చే వీలుందా?

చాలా కార్లలో లేదు. క్లచ్ ఇంజన్‌కు, గేర్‌బాక్స్‌కు మధ్య ఉంటుంది. రెండింటిలో ఒకటి జరగాల్సిందే. గేర్‌బాక్స్ తేలిక కాబట్టి దాన్నే జరుపుతారు. ఇంజన్ గది మరీ ఇరుకుగా ఉన్న కొన్ని కార్లలో రెండింటినీ కలిపి సబ్‌ఫ్రేమ్‌తో (వాటి అడుగునున్న చట్రంతో) సహా కిందికి దించడమే సులువు.

మెకానిక్కు పడే కష్టాన్ని ముందే తలచుకున్న ఇంజనీర్లూ లేకపోలేదు. సాబ్ 99లోనూ, తొలి తరం సాబ్ 900లోనూ ఇంజన్‌ను దాని వెనక భాగం ముందుకు వచ్చేలా తిప్పి అమర్చడంతో క్లచ్ రేడియేటర్ వైపు వస్తుంది. బానెట్ తెరిచి, గేర్‌బాక్స్‌ను కదపకుండానే మార్చవచ్చు. 1980ల నాటి ఓపెల్ కాడెట్, అస్కోనా కార్లలో బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పి ఉంచే గేర్‌బాక్స్ డొప్ప) అడుగున ఉన్న రేకు మూత విప్పి, ఇన్‌పుట్ షాఫ్టును (క్లచ్ ప్లేటులో దూరే గేర్‌బాక్స్ కడ్డీని) వెనక్కి లాగి, క్లచ్ ప్లేటును కింది సందులోంచి తీసుకునే ఏర్పాటు ఉంది. మిగతా వారందరం గేర్‌బాక్స్ కిందికి దూరాల్సిన వాళ్ళమే.

కారును ఎంత ఎత్తు లేపాలి?

ఊహించవద్దు, టేపుతో కొలవండి. బెల్ హౌసింగ్ గేర్‌బాక్స్‌లో అన్నిటికంటే వెడల్పైన భాగం. దాని నిలువు కొలతకు, పూర్తిగా దించిన జాకీ ఎత్తును కలపండి. బంపరు లేదా డోరు కింది అంచు నేల నుంచి అంతకంటే పైన ఉండాలి. ఉదాహరణకు హౌసింగ్ 40 సెంటీమీటర్లు, జాకీ 15 సెంటీమీటర్లు అయితే 55 సెంటీమీటర్ల ఖాళీ కావాలి. అంత ఎత్తు కుదరకపోతే గేర్‌బాక్స్‌ను కిందికి దించాక జాకీ మీదనుంచి ఒక మందపాటి అట్టమీదికి జరిపి, అట్టతో సహా బయటికి లాగవచ్చు. అప్పుడు జాకీ ఎత్తు లెక్కలోకి రాదు. కొలవకుండా మొదలుపెట్టినవారు గేర్‌బాక్స్‌ను ఇంజన్ నుంచి విడదీసి, అది కారు కిందే ఉండిపోయిన తర్వాత, కారును మళ్ళీ లేపాల్సి వస్తుంది. అంతకంటే ప్రమాదకరమైన సందర్భం ఈ పనిలో మరొకటి లేదు.

కారు ఎప్పుడూ స్టాండ్ల మీదే నిలవాలి. జాకీ లేపడానికే, మోయడానికి కాదు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు బరువు కింద చెప్పాపెట్టకుండా పగులుతాయి, వాటి జోలికి వెళ్ళవద్దు. నేల గట్టిగా, చదునుగా ఉండాలి. నేల మీద మిగిలే చక్రాలకు ముందూ వెనకా అడ్డాలు పెట్టండి. స్టాండ్ల మీద దించాక కారును రెండు చేతులతో గట్టిగా ఊపి చూడండి. గేర్‌బాక్స్ బోల్టులను పొడవాటి బారుతో లాగేటప్పుడు మీరు పెట్టే బలం ఆ ఊపు కంటే ఎక్కువే ఉంటుంది. విప్పిన చక్రాలను డోరు కింది అంచుల కిందికి తోసి ఉంచితే రెండో రక్షణగా పనికొస్తాయి.

పనిముట్ల పెట్టెలో తప్పనిసరిగా ఏమేమి ఉండాలి?

సాకెట్లు, రాచెట్, రింగు స్పానర్లు అందరి దగ్గరా ఉంటాయి. ఈ పనికి తేడా తెచ్చేవి పొడవు పెంచేవి, వంపు తిరిగేవి. 25 సెంటీమీటర్ల ఎక్స్‌టెన్షన్లు కనీసం మూడు, తల వదులుగా కదిలే ఎక్స్‌టెన్షన్ ఒకటి, ఒక యూనివర్సల్ జాయింట్, అరమీటరుకు తగ్గని బ్రేకర్ బారు తీసుకోండి. బోల్టు తలలు మీ కారులో ఏ ఆకారంలో ఉన్నాయో ముందే చూసుకోండి. ఆరు పలకలవేనా, టార్క్స్ రకమా, పన్నెండు పళ్ళ స్ప్లైన్ రకమా? దాదాపు సరిపోయిందనిపించే బిట్టుతో స్ప్లైన్ తలను ఒక్కసారి గుండ్రం చేసుకున్నారంటే ఆ ఒక్క బోల్టే మీ రోజంతా తినేస్తుంది. బిట్టు పెట్టేముందు తల గుంటలోని మట్టిని సన్నని మేకుతో గీకి తీయండి. బిట్టు అడుగు దాకా దిగితేనే పట్టు దొరుకుతుంది.

ముందు చక్రాలు నడిచే కార్లకు హబ్ నట్టు (చక్రం మధ్యలో ఉండే పెద్ద నట్టు) సాకెట్ కావాలి. 30, 32, 36 మిల్లీమీటర్లవి తరచుగా ఎదురవుతాయి. బాల్ జాయింట్ విడదీసే పనిముట్టు కూడా ఉండాలి. వీటికి తోడు టార్క్ రెంచి, క్లచ్ ప్లేటును సరిగ్గా మధ్యలో నిలిపే అలైన్‌మెంట్ టూలు, ఫ్లైవీల్ పళ్ళను పట్టి ఆపే లాకు, గేర్ ఆయిలు పట్టడానికి వెడల్పాటి పళ్ళెం, తలకు కట్టుకునే లైటు. ఈ ఆఖరిది చిన్నదిగా అనిపిస్తుంది. గేర్‌బాక్స్ వెనుక చేయి దూరే సందులో లైటు పట్టుకోవడానికి రెండో చేయి ఉండదు.

బెల్ హౌసింగ్ పైభాగంలోని బోల్టులు ఎంతకీ అందడం లేదు. ఏం చేయాలి?

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. కారు అమరికను బట్టి దారి మారుతుంది.

ఇంజన్ అడ్డంగా ఉన్న ముందు చక్రాల కారులో ఆ బోల్టులకు దారి పైనుంచే. బ్యాటరీ, దాని కింది తొట్టి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా, అక్కడికి వెళ్ళే గొట్టాలు తీసేయండి. వాటిని తీయకుండానే సందుల్లోంచి చేయి పెట్టి కానిద్దామన్న ఆశ అందరికీ పుడుతుంది. నా అనుభవంలో అలా మిగిలిన పదిహేను నిమిషాలకు బదులు గంట పోయింది. స్టార్టర్ మోటారు తీస్తే చాలా కార్లలో రెండు బోల్టులు వాటంతట అవే కనబడతాయి. స్టార్టర్ కేబులుకు ఎప్పుడూ కరెంటు ఉంటుంది కాబట్టి అన్నిటికంటే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి.

ఇంజన్ నిలువుగా ఉండి వెనుక చక్రాలు నడిచే కారులో దారి వెనకనుంచి. ముందుగా ప్రొపెల్లర్ షాఫ్టు (గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు వెళ్ళే పొడవాటి గొట్టం) తీయాలి. తర్వాత గేర్‌బాక్స్ కింద జాకీ ఆనించి, వెనక క్రాస్ మెంబర్ (గేర్‌బాక్స్‌ను మోసే అడ్డ పట్టీ) విప్పి, జాకీని మెల్లగా దించండి. ఇంజన్ తన మౌంటింగుల మీద వెనక్కి వాలుతుంది. అప్పటిదాకా ఫ్లోరు రేకుకు అతుక్కున్నట్టున్న పై బోల్టుల మీద నాలుగు వేళ్ళ ఖాళీ వస్తుంది. మూడు ఎక్స్‌టెన్షన్లు కలిపి గేర్‌బాక్స్ వీపు మీదుగా తోక వైపునుంచి పోనివ్వండి, కొసన యూనివర్సల్ జాయింటు, దానికి సాకెట్. రాచెట్ మీ ముఖం దగ్గర, హాయిగా తిరిగే చోట ఉంటుంది. సాకెట్ బోల్టు మీద కూర్చుందో లేదో కంటికి కనబడదు. రెండో చేతిని పైకి పోనిచ్చి వేలికొసతో తడిమి చూసుకున్నాకే బలం పెట్టండి. ఇంజన్ వాలేటప్పుడు మరొకరు బానెట్ దగ్గర నిలబడి రేడియేటర్ గొట్టాలు, వైర్ల గుత్తులు, వెనక గోడ వైపు ఉన్న భాగాలు లాగబడకుండా చూడాలి.

బోల్టు కదలకపోతే, తుప్పు వదిలించే నూనెను ముందురోజు రాత్రే కొట్టి ఉంచండి. విప్పేముందు ఒకసారి కొద్దిగా బిగించే వైపు తిప్పి, తర్వాత విప్పే వైపు తిప్పితే పట్టు వదులుతుంది.

ఏ బోల్టు ఎక్కడిదో ఎలా గుర్తుపెట్టుకోవాలి?

ఒక అట్ట మీద బెల్ హౌసింగ్ ఆకారాన్ని గీసి, బోల్టు ఉన్న చోటల్లా చిల్లు పొడిచి, తీసిన బోల్టును ఆ చిల్లులోనే గుచ్చండి. హౌసింగ్ బోల్టులు చూడటానికి ఒకేలా ఉన్నా పొడవులు వేరు. పొడవాటిది పొట్టి బోల్టు చోట దిగితే అల్యూమినియం మరలు చిట్లిపోతాయి. ఫోనుతో ఫొటోలు తీయండి, కానీ అట్టను మానవద్దు. ఫొటోలో బోల్టు తల కనబడుతుందే గానీ పొడవు కనబడదు.

ముందు చక్రాల కారులో డ్రైవ్ షాఫ్టులు (గేర్‌బాక్స్ నుంచి చక్రాలకు వెళ్ళే కడ్డీలు) తీయడంలో జాగ్రత్తలేమిటి?

హబ్ నట్టును కారు ఇంకా చక్రాల మీద ఉన్నప్పుడే, ఎవరైనా బ్రేకు తొక్కి పట్టగా, కొద్దిగా సడలించండి. నట్టు పూర్తిగా తీశాక మాత్రం ఆ చక్రం మీద కారు బరువు పడకూడదు. నట్టు బిగింపు లేకుండా బరువు మోస్తే చక్రం బేరింగ్ చెడిపోతుంది.

గేర్ ఆయిలు తీసేముందు పోసే బిరడాను విప్పి చూడండి. కింది బిరడా విప్పి నూనె అంతా వదిలేశాక పైది రానంటే, కారు నడవదు, నూనె పోయడానికి దారి ఉండదు.

షాఫ్టును పట్టి గుంజవద్దు. లోపలి జాయింటు తన గిన్నెలోంచి ఊడి, రబ్బరు తొడుగులో విడిపోతుంది. గేర్‌బాక్స్ గోడకూ జాయింటు గిన్నెకూ మధ్య చదునైన బారు పెట్టి ఒక్క కుదుపుతో ఎత్తితే లోపలి స్ప్రింగు రింగు వదిలేస్తుంది. బారు కొస ఆయిల్ సీలు అంచుకు తగలకుండా చూడండి. బయటికి వచ్చిన షాఫ్టును వేలాడనివ్వకుండా తీగతో కట్టి ఉంచండి.

గేర్‌బాక్స్ తీస్తే ఇంజన్ ఏమవుతుంది? దాన్ని దేనితో ఆపాలి?

అడ్డంగా ఉన్న ఇంజన్‌కు ఒక పక్క మౌంటింగ్ గేర్‌బాక్స్ మీదే ఉంటుంది. అది విప్పగానే ఆ పక్క కిందికి జారుతుంది. రెండు ఫెండర్ల అంచుల మీద ఆనే సపోర్టు బారుకు గొలుసు వేసి, ఇంజన్‌కున్న లిఫ్టింగు కొక్కేనికి తగిలించడం అన్నిటికంటే మంచి పద్ధతి, కింద చోటంతా ఖాళీగా మిగులుతుంది. అది లేకపోతే ఆయిల్ సంపు కింద జాకీ పెట్టవచ్చు గానీ మధ్యలో వెడల్పాటి చెక్క తప్పనిసరి. జాకీ తల నేరుగా ఆనితే సంపు సొట్టపోయి, లోపలి ఆయిల్ పికప్‌ను నొక్కేస్తుంది.

గేర్‌బాక్స్‌ను చేతులతో దించవచ్చా?

చిన్న కారు గేర్‌బాక్స్ కూడా 30 కిలోల దరిదాపుల్లో ఉంటుంది, పెద్దవి 50 కిలోలు దాటవచ్చు. వెల్లకిలా పడుకుని ఛాతీ మీదికి దించుకునేవారిని చూశాను. దయచేసి ఆ పని చేయవద్దు. బరువు సంగతి అలా ఉంచితే, చేతులు వణికిన ఆ క్షణంలో గేర్‌బాక్స్ బరువంతా ఇన్‌పుట్ షాఫ్టు మీద, షాఫ్టు దూరిన క్లచ్ ప్లేటు మధ్యభాగం మీద పడుతుంది. ప్లేటు వంగుతుంది. తీసేటప్పుడు పాత ప్లేటే కదా అనుకోవచ్చు, ఎక్కించేటప్పుడు అదే పొరపాటు కొత్తదాన్ని పాడు చేస్తుంది. పళ్ళెంలాంటి తల, పట్టీలు ఉన్న గేర్‌బాక్స్ జాకీని ఒకటి రెండు రోజులకు అద్దెకో అరువుకో తెచ్చుకోండి. మామూలు ట్రాలీ జాకీ అయితే గేర్‌బాక్స్ అడుగుకు సరిపోయేలా చెక్కను చెక్కి, పట్టీతో కట్టి, పక్కన మరొకరిని ఉంచుకోండి.

బోల్టులన్నీ తీశాను, అయినా గేర్‌బాక్స్ విడిపోవడం లేదు.

అన్నీ తీయలేదేమో చూడండి. నేను మొదటిసారి ఇలాగే అనుకుని, అతుకులో మందపాటి స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తాను. అల్యూమినియం అంచు వేలిగోరంత చితికింది. ఆ తర్వాత వేళ్ళతో చుట్టూ తడిమితే, స్టార్టర్ కింద మట్టిలో పూడిపోయి, ఇంజన్ వైపునుంచి బిగించిన బోల్టు ఒకటి దొరికింది. అది తీయగానే గేర్‌బాక్స్ చేతి తోపుకే కదిలింది.

నిజంగా బోల్టులేమీ మిగలకపోతే, పట్టి ఉంచేవి డోవెల్ పిన్నులు, అంటే రెండు ముఖాలను సరిగ్గా ఒకదానికొకటి కూర్చోబెట్టే పిన్నులు. అవి తుప్పుతో బిగుసుకుంటాయి. పిన్నుల దగ్గర నూనె కొట్టి, హౌసింగ్‌ను రబ్బరు సుత్తితో కొడుతూ, ఎత్తడానికని దానికి పోతపోసిన చెవుల దగ్గర మాత్రమే బారు ఆనించండి. ఒక పక్కే తెరుచుకోనివ్వకుండా రెండు పక్కలా సమంగా రావాలి.

ప్రెషర్ ప్లేటు, ఫ్లైవీల్ బోల్టులు విప్పేటప్పుడు ఇంజనే తిరిగిపోతోంది. ఎలా ఆపాలి?

ఫ్లైవీల్ చుట్టూ ఉన్న పళ్ళలో కూర్చుని, బెల్ హౌసింగ్ బోల్టు రంధ్రానికి బిగుసుకునే లాకు దొరుకుతుంది. ఇంట్లో చేసుకోవాలంటే అయిదు మిల్లీమీటర్ల మందం ఇనుప పట్టీకి రెండు చిల్లులు వేయండి. ఒకటి ఫ్లైవీల్ మీద ఖాళీ అయిన ప్రెషర్ ప్లేటు బోల్టు రంధ్రానికి, రెండోది ఇంజన్ బ్లాకు మీద బెల్ హౌసింగ్ రంధ్రానికి. పళ్ళ మధ్య స్క్రూడ్రైవర్ పెట్టి ఆపితే పన్ను విరుగుతుంది. ఆ విరిగిన చోట ఇంజన్ ఆగినప్పుడల్లా స్టార్టర్ అరుస్తుంది. టైమింగ్ సరిచూసే పిన్నును కూడా దీనికి వాడవద్దు, అది స్థానం చూపడానికే తప్ప బలం మోయడానికి కాదు.

ప్రెషర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా, ఒక్కోటి అర చుట్టు చొప్పున సడలించండి. లోపల డయాఫ్రమ్ స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది. ఒక పక్క పూర్తిగా విప్పితే మూత వంకరపోతుంది. అరుగుదలను బట్టి తనంతట తానే సర్దుకునే రకం ప్రెషర్ ప్లేట్లు కొన్ని కార్లలో ఉంటాయి. కొత్తదాన్ని ఎక్కించేటప్పుడు ముందే స్ప్రింగును నొక్కి ఉంచే ప్రత్యేక పనిముట్టు వాటికి అవసరం. అది లేకుండా బోల్టులతోనే నొక్కితే సర్దుబాటు రింగు తన చోటు తప్పుతుంది.

ఫ్లైవీల్ ఆఖరి రెండు బోల్టులు తీసేముందు, ఎదురెదురు రంధ్రాల్లో తల కోసేసిన పొడవాటి బోల్టులు రెండు ఎక్కించండి. ఫ్లైవీల్ వాటి మీదికి జారి ఆగుతుంది, కాళ్ళ మీద పడదు. రెండు పొరల (డ్యూయల్ మాస్) ఫ్లైవీల్ చాలా కార్లలో పది కిలోలకు పైనే ఉంటుంది. పాత మినీ కారులో మాత్రం ఫ్లైవీల్ క్రాంక్‌షాఫ్టు కొసన టేపరు మీద బిగుసుకుని ఉంటుంది, పుల్లర్ లేనిదే రాదు.

క్లచ్ ఒక్కటే మార్చి ఫ్లైవీల్‌ను అలాగే వదిలేయవచ్చా?

క్లచ్ ప్లేటు రుద్దుకునే ముఖం నునుపుగా ఉండి, నీలి మచ్చలు, పగుళ్ళు, గోరుకు తగిలే గాడులు లేకపోతే వదిలేయవచ్చు. అయితే దాని వెనక ఉన్న క్రాంక్‌షాఫ్టు ఆయిల్ సీలు సంగతి చూడండి. హౌసింగ్ లోపల ఇంజన్ ఆయిలు తడి కనిపిస్తే ఫ్లైవీల్ తీసి సీలు మార్చక తప్పదు. తడి గేర్ ఆయిలుదైతే ఇన్‌పుట్ షాఫ్టు సీలు మార్చాలి. గేర్ ఆయిలుకు ఘాటైన వాసన ఉంటుంది, తేడా ముక్కుకే తెలుస్తుంది.

రెండు పొరల ఫ్లైవీల్ అయితే చేతితో తిప్పి, ఊపి చూడండి. రెండు పొరల మధ్య స్ప్రింగుల వల్ల కొంత కదలిక సహజం, ఎంత దాకా అన్నది తయారీదారు కొలతల్లో ఉంటుంది. కటకటమన్నా, గ్రీజు బయటికి చిమ్మి ఉన్నా మార్చాల్సిందే.

పాత ఫ్లైవీల్ బోల్టులు మళ్ళీ వాడవచ్చా?

చాలా కార్లలో వాడకూడదు. బిగించేటప్పుడు కావాలనే సాగేలా చేసిన బోల్టులు అవి. కొన్ని ఫోక్స్‌వ్యాగన్ ఇంజన్లలో 60 న్యూటన్ మీటర్ల దాకా బిగించి, ఆపైన మరో 90 డిగ్రీలు తిప్పమంటారు. డిగ్రీల లెక్క కనబడిందంటే సాధారణంగా కొత్త బోల్టులు తెచ్చుకోవాలనే అర్థం. కొన్ని ఇంజన్లలో ఆ రంధ్రాలు క్రాంక్‌కేస్‌లోకి తెరుచుకుంటాయి. అక్కడ మరలకు సీలెంటు రాయకపోతే నూనె మరల వెంట కారి కొత్త క్లచ్‌ను తడిపేస్తుంది.

హౌసింగ్‌లోని నల్లటి పొడిని గాలితో ఊది శుభ్రం చేయవచ్చా?

వద్దు. పాత క్లచ్ ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండేది. కొత్తవాటి పొడి కూడా ఊపిరితిత్తులకు మంచిది కాదు. బ్రేక్ క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడవండి, మాస్కు పెట్టుకోండి.

అలైన్‌మెంట్ టూలు లేకుండా క్లచ్ ప్లేటును మధ్యలో నిలపగలమా?

పైలట్ బేరింగ్ (క్రాంక్‌షాఫ్టు కొసన ఇన్‌పుట్ షాఫ్టు మొన ఆనే బేరింగ్) రంధ్రానికి, ప్లేటు మధ్యలోని స్ప్లైన్‌కు (పళ్ళున్న రంధ్రానికి) సరిపోయేలా ఒక కడ్డీకి టేపు చుట్టి కొందరు చేస్తారు, కుదురుతుంది కూడా. ఆ టూలు చాలా క్లచ్ కిట్లలో కలిపే వస్తుంది కాబట్టి ముందు పెట్టెలో వెతకండి. ప్లేటు మిల్లీమీటరు పక్కకున్నా గేర్‌బాక్స్ ఆఖరి వేలెడు దూరంలో ఆగిపోతుంది. ప్లేటు మీద గేర్‌బాక్స్ వైపు ఏదో రాసి ఉంటుంది. లేకపోతే స్ప్రింగులతో ఉబ్బెత్తుగా ఉన్న పక్క సాధారణంగా గేర్‌బాక్స్ వైపుకే. స్ప్లైన్‌కు గ్రీజు పలచటి పొరగా రాసి, ప్లేటును ఒకసారి షాఫ్టు మీద జరిపి, బయటికి వచ్చినదంతా తుడిచేయండి.

గేర్‌బాక్స్ తిరిగి ఎక్కించేటప్పుడు ఆఖరి కొద్ది దూరం కూర్చోవడం లేదు. బోల్టులతో లాగవచ్చా?

లాగవద్దు. హౌసింగ్ చెవి పగులుతుంది, లేదా ప్లేటు వంగుతుంది. బ్లాకులోని రెండు రంధ్రాల్లో తల కోసిన పొడవాటి బోల్టులు ముందే ఎక్కించుకుంటే గేర్‌బాక్స్ వాటి మీదుగా తిన్నగా జారుతుంది. గేరు వేసి ఉంచి, అవుట్‌పుట్ వైపు చేతితో కొద్దికొద్దిగా తిప్పుతూ తోయండి. స్ప్లైన్లు కలిసిన క్షణం చేతికే తెలుస్తుంది. చుట్టూ ఖాళీ సమంగా ఉందో లేదో చూస్తూ జాకీ కోణం సరిచేయండి. రెండు ముఖాలూ చేతి బలంతోనే కలిసిపోవాలి, ఆ తర్వాతే బోల్టులు.

అన్నీ బిగించాక క్లచ్ పెడల్ కిందే ఉండిపోతోంది.

హైడ్రాలిక్ రకమైతే గొట్టంలో గాలి చేరి ఉంటుంది. రిజర్వాయర్ మీద రాసిన రకం ఫ్లూయిడ్ పోసి, బ్లీడ్ నిపుల్ తెరిచి, గాలి బుడగలు ఆగేదాకా బయటికి పంపండి. పెడల్‌ను మొదటి కొన్ని సార్లు చేత్తోనే నొక్కి, చేత్తోనే పైకి లాగండి. గేర్‌బాక్స్ బయట ఉన్నప్పుడు ఎవరైనా పెడల్ తొక్కి ఉంటే స్లేవ్ సిలిండర్ (పెడల్ నొక్కుడును క్లచ్ దగ్గర చేర్చే సిలిండర్) పిస్టన్ ఊడి వచ్చి ఉండవచ్చు. ఆ సిలిండర్ బెల్ హౌసింగ్ లోపలే ఉండే కార్లలో, దాన్ని సరిచేయాలంటే గేర్‌బాక్స్ మళ్ళీ దింపాలి. పని మొదలుపెట్టిన రోజే పెడల్‌కు గుడ్డ పేలిక కట్టి, దాని మీద ‘తొక్కవద్దు’ అని రాసి ఉంచండి.